ఒట్టీలమ్మ కోటద్వారం

అనగనగా ఒక కొండ, ఆ కొండ నెత్తిన ఒక కోట, కొండ కాళ్ళ దగ్గర ఒక ఊరు. ఏ కొండ అంటావేమిటే నీరూ, పొద్దున మనం ఆపసోపాలు పడుతూ ఎక్కామే, ఆ కొండే. జర్మనీ దాకా తీసుకొచ్చి కూలిపోయిన గోడలు చూపిస్తారా అని మూతి ముడుచుకున్నావు చూడు, ఆ కోటే. దుప్పటి కప్పుకుని ఊఁ కొట్టు, చెబుతాను. మధ్యలో నిద్రపోతే మళ్ళీ మొదటినించి చెప్పే ఓపిక నాకు లేదు, ముందే చెబుతున్నా.

ఆ కోట కట్టించిన దొరలు ఎప్పుడో పోయారు. ఆ తర్వాత దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. కప్పు కూలింది, గోడల్లో చెట్లు మొలిచాయి. అయినా ఊరివాళ్ళకి ఆ కోటంటే ప్రాణం. పొరుగూరివాళ్ళు చూడ్డానికి వస్తే చాలు, పనులు మానుకుని మరీ వెంటబడి చూపించేవాళ్ళు.

ఆ ఊళ్ళో ఒక అవ్వ ఉండేది. పేరు ఒట్టీలియా. మన నోటికి ఒట్టీలమ్మ అనుకుందాం. కోట తాళంచెవి వాళ్ళింట్లోనే ఉండేది. వాళ్ళమ్మ, వాళ్ళమ్మమ్మ, అందరూ ఆ తాళంచెవి మోసినవాళ్ళే. కోట చూడాలంటే ఎంతటివాడైనా ఆవిడ తలుపు తట్టాల్సిందే. పొయ్యి మీద ఏమున్నా దింపేసి, తాళంచెవి నడుముకి కట్టుకుని, ముందు నడిచేది. అబ్బో, మహారాణులు కూడా అంత ఠీవిగా నడిచి ఉండరు.

అయితే ఆ ఊరివాళ్ళకి ఒక పిచ్చి ఉండేది. ఇల్లు కట్టినా, పాక వేసినా, కోటనించి ఒక్క రాయైనా తెచ్చి అందులో పెట్టాలి. కోట రాయి ఉంటే ఇంటికి మేలని వాళ్ళ నమ్మకం. అందులో తప్పేమీ కనబడేది కాదు వాళ్ళకి, ప్రసాదంలాగా కళ్ళకద్దుకుని తెచ్చుకునేవాళ్ళు. అన్నిట్లోకీ పెద్దద్వారం రాళ్ళంటే మరీ మోజు. ప్రేమ కొద్దీ తలా ఇంత కొరుక్కు తిన్నారే తల్లీ, తాతల కాలంనించి.

అప్పుడు ఒకరోజు ఏమైందంటే, కోట చూడ్డానికి వచ్చినవాళ్ళు లోపలికి వెళుతుంటే ద్వారం మీదనించి ఒక రాయి ఊడి వాళ్ళ పక్కనే పడింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ సంగతి పట్నం దాకా పాకింది.

ఆ తర్వాత పట్నంనించి ఒక అధికారి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. ద్వారం చుట్టూ తిరిగి చూసి, మంచు పడేలోగా బాగుచేసుకుంటే సరి, లేకపోతే ద్వారాన్నీ దాని మీది బురుజునీ కలిపి పడగొట్టిస్తానన్నాడు. రేపు ఎవరి నెత్తినైనా పడితే ఏడ్చేదెవరని అడిగాడు. నిజమే కదా మరి. ఒట్టీలమ్మకి ఆ పూట తిండి సహించలేదు. ద్వారమే లేకపోతే తాళంచెవి ఎందుకు, తాళంచెవి లేకపోతే తానెందుకు అనిపించింది పాపం.

అప్పుడు వెంజెల్ అనే మేస్త్రీని పిలిపించింది. అతను పైకీ కిందకీ చూసి, ద్వారం మీద విల్లులా వంగిన కమాను కట్టిపెడతాను, రాళ్ళు తెచ్చివ్వండి అన్నాడు. కమాను రాయి మామూలు రాయి కాదే. పుచ్చకాయ ముక్క కోసినట్టు పైన వెడల్పుగా, కింద సన్నంగా ఉంటుంది. ఒకదాన్నొకటి నొక్కిపట్టుకుంటేనే నిలబడతాయి. కొత్తవి తవ్వి తెద్దామంటే ఆ కొండ రాతిగని ఎప్పుడో నీళ్ళలో మునిగిపోయింది. ఉన్న రాళ్ళన్నీ ఊరివాళ్ళ ఇళ్ళల్లో ఉన్నాయి.

ఇంక ఒట్టీలమ్మ కొంగు బిగించింది. వాళ్ళకి కొంగులుండవులే, ఏదో ఒకటి బిగించింది.

ముందు రొట్టెలు కాల్చే అలోయిస్ దగ్గరికి వెళ్ళింది. అతని పెద్దపొయ్యికి ముందువైపున్నది ద్వారం రాయే. అది తీస్తే పొయ్యి కూలుతుంది, ఊరికి రొట్టె ఎవరు పెడతారని ససేమిరా అన్నాడు. ఆ తర్వాత మేకలు పెంచే వాల్‌బుర్గా దగ్గరికి వెళ్ళింది. ఆవిడ పాక మూలలో ఉన్నదీ ద్వారం రాయే. దానికి ఒళ్ళు రుద్దుకోనిదే మా మేకలు పాలివ్వవని తలుపేసుకుంది. ఆ తర్వాత ఊరిపెద్ద హూబర్ట్ దగ్గరికి వెళ్ళింది. ఆయన గుమ్మం ముందు మెట్టు కూడా అక్కడిదే. ఆయన అంతా విని ఒక్క మాట అడిగాడు.

"అందరినీ అడుగుతున్నావు సరే, మీ పొయ్యి మీది రాయి సంగతేమిటి ఒట్టీలమ్మా?"

ఒట్టీలమ్మ వాళ్ళ పొయ్యి మీద అడ్డంగా ఉన్నదీ ద్వారం రాయే మరి. పెళ్ళయిన కొత్తలో ఆవిడ మొగుడు భుజాన మోసుకొచ్చి పెట్టాడు. ఆయన పోయి చాలాకాలమైంది. రోజూ దాన్ని తుడుస్తూ, దాని కిందే వండుకుంటూ, అది ఎక్కడిదన్న సంగతే మర్చిపోయింది.

ఇంటికి వచ్చి ఆ రాయి మీద చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడింది. ఏడ్చింది కూడా, ఎందుకు ఏడవదు. ఆ తర్వాత గునపం తీసుకుని పెళ్ళగించింది. రాయితోపాటు పొయ్యి కూడా కూలింది. ఇల్లంతా మసి. ఆ మసి మొహంతోనే రాయిని తోపుడుబండిలో వేసుకుని, నడివీధిలోంచి తోసుకుంటూ కొండ ఎక్కడం మొదలుపెట్టింది. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు.

అది చూశాక ఎవరు కూర్చోగలరు చెప్పు. అలోయిస్ చేతుల పిండి దులుపుకుని తన పొయ్యి విప్పేశాడు. అతను కొత్త పొయ్యి కట్టుకునేదాకా ఊరంతా రొట్టె లేక ఉడకబెట్టిన బంగాళాదుంపలతో సరిపెట్టుకున్నారట. వాల్‌బుర్గా మేకల్ని బతిమాలుకుని మూలరాయి లాగింది. హూబర్ట్ మెట్టు తవ్వించేసి, అంత లావు మనిషీ గుమ్మంలోకి గెంతుకుంటూ వెళ్ళేవాడు. నవ్వకే, నిద్ర ఎగిరిపోతుంది. వాళ్ళని చూసి వీళ్ళు, వీళ్ళని చూసి వాళ్ళు, గోడల్లోంచి, మెట్లలోంచి రాళ్ళు తీసి కొండ మీదకి చేర్చారు.

అప్పుడు వెంజెల్ కర్రలతో కమాను ఆకారంలో చట్రం కట్టాడు. దాని మీద రాళ్ళు పేర్చాడు. ఆఖరున నడినెత్తిన, అన్నిటినీ బిగించే చోట, ఒట్టీలమ్మ రాయి దించాడు.

అసలు పరీక్ష ఆ తర్వాతే. కింద చట్రం వదులు చేస్తే కమాను తనంతట తాను నిలబడాలి. నిలబడకపోతే అంతా రాళ్ళకుప్పే. ఆ చుట్టుపక్కల మేస్త్రీలకి ఒక ఆచారం ఉండేది. చట్రం వదులు చేసేటప్పుడు కట్టినవాడు వెళ్ళి దాని కింద నిలబడాలి. తన పని మీద తనకి అంత నమ్మకం ఉండాలన్నమాట.

ఆ రోజు అధికారి కూడా వచ్చాడు. నిలబడకపోతే మిగతాది పడగొట్టడానికి కూలీలు పలుగులతో సిద్ధంగా ఉన్నారు. వెంజెల్ దండం పెట్టుకుని చట్రం కిందకి వెళ్ళాడు. అప్పుడు ఒట్టీలమ్మ వెళ్ళి అతని పక్కన నిలబడింది. అవ్వా, నువ్వెందుకు, కట్టినవాణ్ణి నేనున్నానుగా, బయటికి వెళ్ళు అన్నాడతను.

"పేర్చింది నువ్వు నాయనా. కట్టింది మేమందరం" అంది ఒట్టీలమ్మ.

ఆ మాట చెవిన పడగానే అలోయిస్ వచ్చి నిలబడ్డాడు. వాల్‌బుర్గా వచ్చింది. హూబర్ట్ వచ్చాడు. రాయి ఇచ్చినవాళ్ళందరూ వచ్చి, ఇరుక్కుని ఇరుక్కుని నిలబడ్డారు. అధికారి వద్దు వద్దని మొత్తుకుంటున్నా ఒక్కరూ కదల్లేదు. సరే కానీ అన్నాడు వెంజెల్. బయట ఉన్న అతని తమ్ముడు సమ్మెట ఎత్తి, చట్రం కింద ఎత్తుకి బిగించిన కర్ర చీల ఊడేలా కొట్టాడు.

మొదటి దెబ్బకి అందరి తలల మీదా దుమ్ము రాలింది. రెండో దెబ్బకి పైన రాళ్ళు కిర్రుమన్నాయి. వాల్‌బుర్గా ఒట్టీలమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. మూడో దెబ్బకి చట్రం జానెడు కిందకి దిగి ఆగింది.

రాళ్ళు మాత్రం దిగలేదు. చట్రానికీ రాళ్ళకీ మధ్యనించి వెలుగు కనబడింది. కమాను ఎవరి ఆసరా లేకుండా నిలబడింది.

అధికారి టోపీ తీసేశాడు. ఆ తర్వాత తనూ వచ్చి వాళ్ళ మధ్య నిలబడి ఒక్కో రాయీ చూశాడు. మసి పట్టిన రాయి, మేకలు రుద్ది రుద్ది నున్నబడ్డ రాయి, కాళ్ళు తగిలి అరిగిన రాయి. నేను ఇన్ని కోటలు చూశాను, ఇంతకీ ఈ కోట ఎవరిదమ్మా అని అడిగాడు.

"మాది" అన్నారు. ఊరు ఊరంతా ఒక్కసారే అన్నారు. అందరికన్నా పైకి ఒట్టీలమ్మ గొంతే వినబడిందట. వాళ్ళెవరో మనమెవరో గానీ, ఆ మాట చెబుతుంటే నాకే ఛాతీ ఉప్పొంగుతోందే నీరూ.

రాయి చేరింది కోటకి,
రొట్టె చేరింది నోటికి,
కథ చేరింది కంచికి,
కునుకు చేరాలి నీ కంటికి.