సొంబారి లేచింది

కొండలకింకా ఎవరూ పేర్లు పెట్టని రోజులవి, వినండర్రా. లోయ అంచున ఒక ఊరుండేది. ఆ ఊళ్లో సొంబారి అని ఒక మనిషి ఉండేది. సోమవారం పుట్టింది కాబట్టి సొంబారి. కొండచీపురు కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతలో అమ్ముకునేది. ఆమె మొగుడు బుద్ర. అతను నవ్వితే పక్క కొండకి వినబడేది.

చలికాలం వచ్చిందంటే లోయ నిండా పొగమంచు దిగేది. తెల్లగా, చిక్కగా, చాచిన చెయ్యి కనబడనంతగా. అందులో తెల్లభూతం తిరుగుతుందని ఊరంతా నమ్మేది. ఆ మంచులోకి పోయిన మేక తిరిగి రాలేదు. పోయిన ఎద్దు తిరిగి రాలేదు. ఒక పొద్దున బుద్ర పోయాడు. అతనూ తిరిగి రాలేదు. మంచు విడిపోయాక చూస్తే కొండ అంచు కింద రాళ్లలో పడి ఉన్నాడు.

"భూతం తోసేసింది" అన్నారు ఊళ్లోవాళ్లు.

సొంబారి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఆఖరికి ఆమెకి కోపం వచ్చింది. కొడవలి పట్టుకుని తిన్నగా మంచులోకి నడిచింది.

"రావే! నా మొగుడేం చేశాడే నిన్ను? నా మొహం చూసి చెప్పు!"

ఎవరూ రాలేదు. మళ్లీ అరిచింది. ఎవరూ రాలేదు. మూడోసారీ అరిచింది. ఉన్నచోటే కూలబడింది. జుట్టు తడిసింది. కోక తడిసింది. పక్కనున్న సాలెగూటికి పోగు పోగునా నీటిచుక్కలు వేలాడుతున్నాయి. పెదవి మీద తడిని నాలుకతో చూసింది. ఉప్పగా లేదు. కన్నీళ్లు కావవి, ఉత్త నీళ్లు.

పొద్దెక్కింది. ఎండ తగిలేకొద్దీ మంచు పలచబడి, పైకి తేలి, లేకుండా పోయింది. సొంబారి చుట్టూ చూసింది. రాళ్లున్నాయి, గడ్డి ఉంది. ఇంకెవరూ లేరు. ఆమె కాళ్ల ముందే కొండ అంచు ఉంది. ఇంకొక్క అడుగు వేసుంటే తనూ పోయేదే. అప్పుడు తెలిసింది ఆమెకి. బుద్రని ఎవరూ తోయలేదు. పాపం, అంచు కనబడలేదు.

ఊళ్లోకి వచ్చి చెప్పింది. "అందులో ఎవరూ లేరర్రా. నీళ్లే!"

మొగుడు పోయి మతి చెడిందన్నారు. పిల్లలు మాత్రం పొద్దున్నే ఆమె పొయ్యి చుట్టూ చేరేవారు. వాళ్లలో పుల్మతి అనే పిల్లకి నోరు ఊరుకునేది కాదు.

"నీళ్లయితే గాల్లో ఎలా నిలబడతాయి పెద్దమ్మా?"

"నోరు తెరిచి ఊదు చూద్దాం."

పుల్మతి ఊదింది. నోట్లోంచి తెల్లగా పొగ వచ్చింది.

"నీ ఊపిరిలో తడి ఉంది. చలి తగిలేసరికి సన్నటి చుక్కలై కనబడింది. అంబలి కుండ మీదా అదే, లోయలోనూ అదే."

నిజం అంతేనర్రా. పగటి ఎండకి వాగు నీరు, నేల తడి కనబడకుండా గాల్లో కలుస్తాయి. మబ్బు లేని రాత్రి నేల వేడంతా పైకి పోతుంది. నేల చల్లబడితే దానికి ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. అప్పుడా తడి చుక్కలు కడుతుంది. ఆకుకి అంటుకుంటే మంచుబిందువంటాం. గాల్లో తేలితే పొగమంచంటాం.

ఒక పొద్దున మేకపిల్ల వెనక పరిగెత్తి పుల్మతి మంచులోకి పోయింది. తల్లి గుండెలు బాదుకుంది. భూతాన్ని బెదరగొట్టాలని ఊరంతా మంచు బయట నిలబడి డప్పులు, పళ్లేలు వాయించారు. లోపల పిల్ల ఏడుపు ఒకసారి ఇటు, ఒకసారి అటు వినబడుతోంది.

"ఆపండర్రా!" అని సొంబారి కేకేసింది. "మీ మోతకి బెదిరి పిల్ల అంచు దాటిపోతుంది!"

మోత ఆగింది.

"పుల్మతీ! కూర్చోవే! ఉన్నచోటే కూర్చో!"

అని, నేల మీద చేతులాన్చి, తడుముకుంటూ పాకింది. బుద్ర పోయింది ఇక్కడే కదా. తడిమింది, పిలిచింది, పాకింది. తడిమింది, పిలిచింది, పాకింది. మంచులోంచి నల్లగా ఏదో రావడం చూసి పిల్ల కెవ్వుమంది.

"భూతం!"

"ఒలమ్మా, నేనే! ఏదీ, ఊదు. నేనూ ఊదుతాను. ఎవరి పొగ పెద్దదో చూద్దాం."

పిల్ల వెక్కుతూనే ఊదింది. ఊది, నవ్వేసింది.

"ఇంటికి పోదాం పెద్దమ్మా."

"ఇప్పుడు కాదే. నాకూ దారి కనబడదు. మంచు లేచేదాకా కూర్చుందాం."

పిల్లని కోకలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. బుద్ర ఎలా నవ్వేవాడో చెప్పింది. నవ్వి చూపించింది. పైనున్న ఊరికి ఆ నవ్వు వినబడింది, మనిషి కనబడలేదు.

పొద్దెక్కింది. మంచు పలచబడింది. పిల్లని చంకనేసుకుని సొంబారి లేచి నిలబడింది.

"సొంబారి లేచింది!" అని అరిచింది పుల్మతి తల్లి. "సొంబారి లేచింది!" అని ఊరంతా అరిచింది.

ఆ తర్వాత ఆ ఊళ్లో ఎవరూ భూతం మాట ఎత్తలేదు. మంచులో ఎవరూ అడుగు పెట్టనూ లేదు. మంచు విడిపోతే చాలు, "సొంబారి లేచింది" అనుకునేవారు.

ఏళ్లు గడిచాయి. సొంబారి ముసలిదైంది. ఒక చలికాలంలో నిద్రలోనే పోయింది. పొద్దున పాడె కట్టారు. లోయ నిండా మంచు. మోసేవాళ్లు భుజం పెట్టబోయారు. అప్పటికి పుల్మతి ఇద్దరు బిడ్డల తల్లి. ఆమె అడ్డం వచ్చింది.

"ఆగండి. సొంబారి లేవనీండి."

అందరూ ఆమె వంక చూశారు. ఒక ముసలాయన ముందు ఫక్కున నవ్వాడు, వెంటనే ఏడ్చేశాడు. అందరూ పాడె చుట్టూ కూర్చున్నారు. మంచు తేలిపోయి దారి కనబడ్డాకే ఆమెని మోసుకెళ్లారు.

ఇప్పటికీ ఆ వైపు చలికాలంలో సంతకి పోయే ఆడవాళ్లు, మంచు పడితే గంపలు దించుకుని దారి పక్కన కూర్చుంటారు. వాళ్లని ఎక్కించుకెళ్లే జీపువాడు తొందరపడితే కోప్పడరు.

"ఉండు నాయనా, సొంబారి లేవనీ" అంటారు.

వాడూ ఇంజను ఆపేసి, దిగి వాళ్ల పక్కన కూర్చుంటాడు.