ఉతికాకే బేరం

ఆ రేవుపట్నంలో కొత్త పంచెను ఇంటికి తీసుకెళ్లి, ఉతికి ఆరేసి చూశాకే డబ్బిచ్చే ఆనవాయితీ ఉండేది.

అక్కడి బట్టల వర్తకుడు పేరిశెట్టి, ఊరిచివర కొత్తగా లేచిన బొగ్గుబట్టీకి పెట్టుబడి పెట్టాడు. పొగకు పిల్లలు దగ్గి దగ్గి సొమ్మసిల్లుతున్నారని, ఆ పెట్టుబడి వెనక్కి తీసుకోమని అంబలి అమ్మే నూకాలమ్మ బతిమాలింది.

"డబ్బు నాదే గానీ పొగ బట్టీది. వెళ్లి అక్కడ అడుగు" అన్నాడు శెట్టి.

నూకాలమ్మ ఇల్లిల్లూ తిరిగి మాట్లాడింది. పండక్కి ఊరంతా పంచెలు పట్టుకెళ్లింది. మర్నాడు అన్నీ బట్టీ పొగలో ఆరి, మసిపట్టి తిరిగొచ్చాయి.

"నా సరుకంతా నాశనం చేశారే!" లబోదిబోమన్నాడు శెట్టి.

"పంచెలు మేం ఉతికినవే గానీ మసి బట్టీది, శెట్టిగారూ. వెళ్లి అక్కడ అడగండి" అంది నూకాలమ్మ.

శెట్టి ఏదో అనబోయాడు. దగ్గొచ్చింది. అది తగ్గాక, పెట్టుబడి వెనక్కి తెచ్చుకోవడానికి బట్టీ దారి పట్టాడు.