బూడిదయ్యకు తగిలిన మొదటి చీటీ

అడవి అయిపోయి, ఊరు ఇంకా మొదలుకాని చోట బతికేవాళ్లకు రెండు తెలివులు కావాలంటారు. అడవి తెలివి ఒకటి, ఊరి తెలివి ఒకటి. గాండ్ల ఓబులయ్య నూనె గానుగ సరిగ్గా అలాంటి చోటే ఉంది. ఆ గానుగ తిప్పే బూడిదయ్య అనే ఎద్దుకు ఆ తెలివులు రెండూ కాస్త తక్కువే. ఉన్నదల్లా ఓపిక. అది కూడా ఈమధ్య అడుగంటుతోంది.

పొద్దున్నే కళ్లకు గంతలు కట్టి కాడికి కడితే మధ్యాహ్నం ఓ గంటసేపు విప్పుతారు. మళ్లీ కడితే పొద్దుగూకేదాకా అంతే. పన్నెండేళ్లుగా ఇదే వరస. బూడిదయ్య నడిచిన నడకంతా తిన్నగా పరిస్తే కాశీకి పోయి రావచ్చు. గంతలు విప్పి చూస్తే మాత్రం పొద్దున నిలబడ్డ చోటే నిలబడి ఉంటాడు. ఒక కొమ్ము ఎప్పుడో విరిగింది. మోకాళ్లు నొప్పులు. ఓబులయ్య చెడ్డవాడేం కాదు, రోజూ నూనె తీయగా మిగిలిన నువ్వుల చెక్క తొట్టిలో పెడతాడు. కానీ "అలసిపోయినావా?" అని అడగడం అతనికి తోచదు. ఎద్దును ఎవరు అడుగుతారు?

బూడిదయ్య మెడలో, పట్టెడ తాడుకు కట్టిన ఇత్తడి గంట ఒకటి ఉంది. ఆ దొడ్డికంతా అదే ధైర్యం. మధ్యాహ్నం ఓబులయ్య కునుకు తీసేటప్పుడు, బూడిదయ్య దొడ్లో అటూ ఇటూ తిరుగుతూ ఉంటే గంట మోగుతుంది. గంట వినపడినంతసేపూ కావలి కుక్క వీరడు కళ్లు మూసుకుంటాడు. చుక్కమ్మ అనే కోడిపెట్ట తన తొమ్మిది పిల్లల్నీ నిశ్చింతగా మేపుకుంటుంది. మామ ఇక్కడే ఉన్నాడు, భయం లేదు అని ఆ చప్పుడుకు అర్థం.

తొట్టి పక్కనే ఒక సిమెంటు గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది. వంక నీళ్లు పైకి తెస్తామని ఎవరో ఎప్పుడో పరిచి, తేకుండా వెళ్లిపోయారు. దాని రెండో కొస దిగువన వంక గట్టు మీద, కంపచెట్ల మధ్యలో తేలింది. కొబ్బరికాయ దొర్లేంత వెడల్పు, అంతే. నీళ్లు రాలేదు గానీ మాటలు వస్తాయి. అడవిలోవాళ్లు ఆ కొస దగ్గర నోరు పెట్టి పిలిస్తే ఈ కొస దగ్గర "ఓఁ" అని మోగుతుంది. దగ్గరున్నవాళ్లు చెవి పెట్టాలి. మాట్లాడేదెవరో మాత్రం కనపడదు.

ఒక మధ్యాహ్నం గొట్టం మోగింది.

"నమస్కారమండీ! గౌరవనీయులైన బూడిదయ్యగారేనా మాట్లాడుతున్నది?"

బూడిదయ్య అటూ ఇటూ చూశాడు. పన్నెండేళ్లలో అతన్ని 'గారు' అన్నవాళ్లు లేరు. ఓబులయ్య 'హై' అంటాడు, అంతే.

"అవును సామీ. మీరెవురు?"

"అడవిరాజావారి కొలువు నుంచండీ, బహుమతుల శాఖ. రాజావారి పాతికేళ్ల ఏలుబడి పండగకు జంతువులన్నిటి పేర్లూ వేసి చీటీలు తీశాం. మొదటి చీటీ తమరిదే!"

"నాదా?"

"బూడిద రంగు, ఎడమ కొమ్ము లేదు, ఓబులయ్య గానుగ. తమరే కదండీ?"

అన్నీ సరిగ్గా చెప్పాడు. ఇన్ని వివరాలు తెలిసినవాడు అబద్ధం ఎందుకు చెప్తాడని బూడిదయ్య అనుకున్నాడు.

"ఏం తగిలింది సామీ?"

"పచ్చికకోనలో జీవితాంతం విశ్రాంతి. కాడి ఉండదు, గంతలు ఉండవు. ఎప్పుడు పడుకోవాలనిపిస్తే అప్పుడు పడుకోవచ్చు."

కొమ్ముకు బంగారు తొడుగో, వీపు మీదికి పట్టుబట్టో అని ఉంటే బూడిదయ్య నవ్వి ఊరుకునేవాడు. విశ్రాంతి అన్నాడు. ఆ మాటకు అతను గొట్టానికి ఇంకాస్త దగ్గరగా వంగాడు. ఆశ ఉన్న చోటు కనిపెట్టి కొట్టడమే మాయమాటల విద్య.

"రిజిస్టరులో పేరెక్కించాలండీ. చిన్న లాంఛనం. ఈరోజు చెక్క గొట్టంలో జారవిడవండి. రెండింతలు వాపసు వస్తుంది. ఇంకో మాట, ఎవరికీ చెప్పకండి. దిష్టి తగులుతుంది."

బూడిదయ్య చెక్కంతా గొట్టంలోకి నెట్టాడు. అది వంక వైపు గలగలా దొర్లిపోయింది. ఆ సాయంత్రం ఖాళీ కడుపుతో గానుగ తిప్పుతున్నా కాళ్లు తేలిగ్గా ఉన్నట్టనిపించింది. గంతల చీకట్లో పచ్చిక కనపడింది.

రెండో రోజు ముద్ర ఖర్చుకని మళ్లీ చెక్క అడిగారు. మూడో రోజు దారి బత్తెమన్నారు. అదీ పోయింది. మూడో రోజు పొద్దుగూకే వేళకు బూడిదయ్య అలసి నిలబడితే గానుగ రెండుసార్లు ఆగింది. ఓబులయ్య అదిలించాడు. ఇంకొక్క రోజు, అనుకుంటూ బూడిదయ్య నడిచాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం చుక్కమ్మ తొట్టి దగ్గరకు వచ్చి నిలబడింది. ఆమెకు నోరు జాస్తి, చూపు అంతకంటే జాస్తి.

"మామా, మూడు దినాలైంది నీ తొట్టి కింద పొడి రాలక. పిల్లోళ్లు వచ్చి నేల గీరి పోతాండారు. నువ్వు తినేది లేదా?"

"తింటాండా."

"నీ డొక్కలు అట్ల చెప్పలేదే."

బూడిదయ్య తల తిప్పుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నారు. కానీ మంచి కబురు మూడు రోజులు కడుపులో దాచుకోవడం ఆకలి కంటే కష్టం. మెల్లగా అంతా చెప్పేశాడు. చుక్కమ్మ ఒంటికాలి మీద నిలబడి విన్నది.

"చీటీలో నీ పేరు ఎవురు ఏసినారు మామా?"

"వాళ్లే ఏసినారంట."

"నువ్వు అడిగినావా?"

"లేదు."

"అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. ఎప్పుడూ మొకం చూడని అడవిరాజు నీకు కోన రాసిస్తాడా? అదీ నీ చెక్క తినినాక?"

బూడిదయ్యకు కోపం వచ్చింది. ఎన్నడూ రాని కోపం.

"ఏం, నాకొక్కసారన్నా మంచి జరగగూడదా? పన్నెండేండ్లు తిరిగినా అమ్మీ. ఎవురన్నా ఒకరు అది చూసినారేమో. చూడగూడదా?"

చుక్కమ్మ ఈసారి ఎగతాళి చేయలేదు. ఆమెకు జాలేసింది.

"జరగాల మామా. నీకు జరగకపోతే ఇంకెవురికి జరగాల? అది జరిగేది మాత్రం ఆ బొక్కలోనుంచి కాదు."

అప్పుడే గొట్టం మోగింది. చుక్కమ్మ గమ్మున పక్కకు ఒదిగింది.

"శుభవార్తండీ! అంతా సిద్ధం. తమరి గుర్తింపు ఒక్కటే మిగిలింది. మెడలో గంట పంపండి. ఎడమ వైపు కొమ్ము లేదు గదా, అటు తల వంచితే పట్టెడ అదే జారిపోతుంది."

బూడిదయ్య చెవులు ఒక్కసారి నిక్కాయి. పట్టెడ ఎటు జారుతుందో కొలువులో కూర్చున్నవాడికి ఎలా తెలుసు? అది తెలియాలంటే బూడిదయ్యను కళ్లారా చూసి ఉండాలి. ఒక్కరోజు చూస్తే చాలదు. కంపచెట్ల చాటున కూర్చుని రోజూ చూడాలి.

"గంటే కదా సామీ," అన్నాడు నిదానంగా. "నేనే తెచ్చి ఇస్తా. కొలువు యాడుందో చెప్పండి."



"అయ్యో, తమరికెందుకండీ శ్రమ!"

"ఇన్నేండ్లు తిరిగినోన్ని, ఇంకో రెండు కోసులు నడవలేనా?"

"కొలువులోకి కొమ్ములున్నవాళ్లను రానివ్వరండీ."

"నాకు ఒకటే కదా."

"ఒకటైనా అంతే! టైము లేదండీ. ఈ పూట గంట అందకపోతే చీటీ పక్క దొడ్డి గేదెకు పోతుంది. మళ్లీ మమ్మల్ని అనుకోవద్దు. బిన్నా పంపప్పా!"

చివరి మాటకు కొలువు భాష ఊడిపోయి, వంక గట్టు భాష బయటపడింది. బూడిదయ్య ఆ గొంతు గుర్తుపట్టాడు. ఎండాకాలంలో వంకలో పీతల కోసం తిరుగుతూ "ఏం మామా, బాగుండావా?" అని పలకరించే నక్క.

"రోంత ఉండు సామీ. తీస్తాండా," అన్నాడు.

అతనికి కోపం రాలేదు. వచ్చిన కోపం చుక్కమ్మ మీద ఖర్చయిపోయింది. లోపల ఏదో చల్లారిపోయినట్టయింది, అంతే. పచ్చికకోన లేదు. మూడు రోజుల చెక్క పోతే పోయింది, మూడు రోజులుగా కడుపులో పెట్టుకున్న ఆ పచ్చదనం పోవడమే అతనికి కష్టంగా ఉంది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఎవరో అంటే ఒకప్పుడు నవ్వాడు.

"గంట వానికి ఏంటికి మామా?" చుక్కమ్మ అతన్ని గొట్టానికి ఎడంగా పిలిచి గుసగుసగా అడిగింది. అడిగినాక తనకే తెలిసింది. తెలిసి, పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. ఆ గంట మెడలో వేసుకుని నక్క వస్తే వీరడు కళ్లు తెరవడు. పిల్లలు మామ వచ్చాడనుకుని ఎదురు పోతాయి.

"ఇయ్యొద్దు మామా. పొమ్మని చెప్పు."

"నేను పొమ్మంటే ఇంకో గొట్టం కాడికి పోతాడు. ఆ గేదె నా కంటే అమాయకురాలు." బూడిదయ్య నిట్టూర్చాడు. "అమ్మీ, గంట పంపిస్తాం. నువ్వు ఒక్క పని చెయ్యి. ఈ ముడి కాడ చిన్న కర్రపుల్ల ఉంటాది, దాన్ని ముక్కుతో పీకు."

చుక్కమ్మకు అర్థం కాలేదు. బూడిదయ్యకు తెలుసు. గాండ్లవాళ్ల ముడి అది. ఓబులయ్య నూనె పీల్చిన గానుగ తాడుతోనే పట్టెడ పేని, జారుముడి వేసి, ఎద్దు గొంతు నొక్కుకోకుండా ముడికి పుల్ల అడ్డం పెడతాడు. పుల్ల ఉన్నంతవరకూ అది పట్టెడ. పుల్ల తీస్తే ఉచ్చు. లాగేకొద్దీ బిగుస్తుంది, పంటికి లొంగదు. విప్పాలంటే మనిషి చేతులు కావాలి. రోజూ ఆ ముడిని మెడ మీద మోసేవాడికి తప్ప చాటునుంచి చూసేవాడికి ఆ పుల్ల సంగతి తెలియదు.

బూడిదయ్య తొట్టి అంచుకు పట్టెడ తగిలించి ఎడమకు తల వంచాడు. పట్టెడ జారింది. చుక్కమ్మ పుల్ల పీకింది. గంట గణగణమంటూ గొట్టంలో దొర్లిపోయింది. కింద ఎవరో ఆత్రంగా అందుకున్న చప్పుడు వినిపించింది.

చుక్కమ్మ వెళ్లి వీరడి చెవిలో పొడిచింది. "లెయ్ రా. ఇప్పుడు గంట మోగితే మామ కాదు."

ఎక్కువసేపు పట్టలేదు. కంచె వైపు నుంచి గంట వినపడింది. ఎద్దు నడకలాగా ఆగి ఆగి, నిదానంగా, ఎంతో నేర్పుగా మోగుతూ వచ్చింది. వీరడు నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకునే ఉన్నాడు. కోడిపిల్లలు తొట్టి వెనక తల్లి రెక్కల కింద వణుకుతున్నాయి. కంచె సందులోంచి మొదట ముక్కు, తర్వాత చెవులు, తర్వాత గంట లోపలికి వచ్చాయి.

"ఏం సామీ," అన్నాడు బూడిదయ్య, "బహుమతి మీరే మోసుకొచ్చినారా?"

నక్క నిలబడిపోయింది. వీరడు ఒక్క దూకు దూకాడు. ఆ తర్వాత దొడ్లో ఏం జరిగిందో దుమ్ములో సరిగ్గా కనపడలేదు. ఓబులయ్య కర్ర పట్టుకుని "యాడిదిరా నక్క!" అంటూ లేచొచ్చేసరికి నక్క కంచెలో సగం తోక వదిలేసి వంక దాటింది. వీరడు గుంజిన గుంజుడుకు ముడి మెడకు బిగుసుకుపోయింది. పారిపోతున్నంతసేపూ గంట మోగుతూనే ఉంది.

ఆ రోజు నుంచి నక్క ఎక్కడ అడుగేసినా ముందు గంట చెప్తుంది. కుందేళ్లు బొరియల్లో దూరతాయి, కౌజుపిట్టలు లేచిపోతాయి. ఆశ లావు, పీక సన్నం అంటారు. నక్క పీక నిజంగానే సన్నబడింది.

వారం తిరక్కముందే గొట్టం మోగింది. ఈసారి మాటల వెనకాల గంట కూడా వినపడింది.

"బూడిదయ్య మామా... నేను మామా. మూడు దినాలైంది తిని. ముడి యాడ లాగినా బిగుసుకుంటాంది. ఎట్ల ఇప్పాల్నో చెప్పు మామా. నీ కాళ్లు మొక్కుతా."

చుక్కమ్మ నవ్వాపుకోలేక రెక్కలు కొట్టుకుంది. బూడిదయ్య నవ్వలేదు. మూడు రోజులు తినకపోతే ఎలా ఉంటుందో అతనికి కొత్తగా తెలిసింది. గొట్టం దగ్గరకు వంగి అన్నాడు:

"ముడి సంగతి ఓబులయ్యకే తెలుసు నాయనా. నువ్వే రావాల. వస్తావా, నీకూ శ్రమంటావా?"

గంట మోగుకుంటూ దూరంగా వెళ్లిపోయింది.

కాడి కట్టే వేళైందని ఓబులయ్య కేకేశాడు. పాత గంట నక్క మెడలోకి ఎలా పోయిందో అతనికి అంతుపట్టలేదు. ఇంకోటి తెచ్చి, జారుముడి వేసి, పుల్ల అడ్డం పెట్టి కట్టాడు. గంతలు కట్టాడు. బూడిదయ్య మళ్లీ నడక మొదలుపెట్టాడు. మోకాళ్లు నొప్పిగానే ఉన్నాయి. ఈసారి గంతల చీకట్లో పచ్చిక కనపడలేదు. కానీ తొట్టి వైపు నుంచి, తను ఇందాక తిన్న చెక్క పొడిని తొమ్మిది పిల్లలు టకటకా ఏరుకుంటున్న చప్పుడు వినపడింది. బాట అటు తిరిగినప్పుడల్లా బూడిదయ్య కాస్త నిదానించాడు. ఓబులయ్య అదిలించినా నిదానించాడు.

ఆడని పందెం గెలిచావని ఎవరైనా కబురు పెడితే, అందులో ఓడిపోబోయేది నువ్వే.