బురద ఆరని మాట

అనగనగా ఒక అడవి. ఆ అడవికొక రాజు. ఆ రాజుకొక తలనొప్పి.

రాజు పేరు గిరిశృంగుడు. జాతికి అడవిదున్న. ఆయన నడిస్తే నేల అదిరేది, నిలబడితే చుట్టుపక్కల చెట్లకు కూడా నీడ పడేది. ఇక ఆయన తలనొప్పి పేరు మారుకోట.

మారుకోటను కట్టింది చెదపురుగులు. ఏనుగంత ఎత్తున ఎర్రమట్టితో పుట్ట లేపి, లోపల గది పక్కన గది, గది కింద గది తవ్వి, అందులో ఒక ఆట పెట్టాయి. ఒక ఎండుపుల్ల తెచ్చి గుమ్మంలో వేసినవాళ్ళు ఎవరైనా లోపలికి పోవచ్చు. ఆ పుల్లలే చెదపురుగులకు తిండి. లోపలికి పోయేవాళ్ళ చేతిలో ఒక ఊదుగొట్టం, గుప్పెడు గింజలు పెట్టేవి. ఒకడికి బరువైన కుంకుడుగింజలు వచ్చేవి, ఇంకొకడికి గాలికి ఎగిరిపోయే తాలు గింజలు వచ్చేవి. ఏవి వస్తాయో ఎవరికీ తెలియదు.

గదుల కప్పులకు గబ్బిలాలు వేలాడుతూ బురద ముద్దలు విసిరేవి. వీళ్ళు గొట్టంలో గింజ పెట్టి ఊది వాటిని కొట్టాలి. గింజ తగిలిన గబ్బిలం రెక్కలు ముడుచుకుని దారి ఇచ్చేది. మూడు ముద్దలు తగిలినవాడి కాళ్ళ కింద నేల తెరుచుకునేది. వాడు జర్రున జారి కోట వెనక బురద మడుగులో పడేవాడు. దారిలో పోగేసుకున్న గింజలన్నీ పోయేవి. మళ్ళీ ఆడాలంటే మొదటి నుంచే.

అదైనా పాత దారిలో కాదు. పడినవాడు లేచి ఒళ్ళు విదుల్చుకునేలోగా చెదపురుగులు ఒక గోడ తీసి ఇంకో గోడ పెట్టేసేవి. ఇందాకటి కుడి ఇప్పుడు ఎడమ. ఇందాకటి దారి ఇప్పుడు గోడ. అన్నిటికన్నా లోపలి గదిలో తేనెపట్టు ఉందని చెప్పుకునేవారు. దాని రుచి చూసినవాళ్ళు మాత్రం లేరు.

ఇందులో తలనొప్పి ఎక్కడుందంటారా? ఆ అడవిలో తాతల నాటి ఆచారం ఒకటుంది. బురదలో పడినవాడు ఆ బురద ఆరకముందే మనసులో మాట చెప్పెయ్యాలి. తడి మీద చెప్పినదే నిజం, ఆరాక చెప్పేది అల్లిక అని వాళ్ళ నమ్మకం. మడుగు పక్కన కొమ్మ మీద కలకంఠి అనే గోరింక కూర్చునేది. ఒకరు పడగానే వాళ్ళ తడి మాట పట్టుకుని అడవంతా చాటేది. పొద్దున "అందరికీ అందని ఆట అన్యాయం" అని అరిచేది. మధ్యాహ్నం "చెమట పట్టని గెలుపు గెలుపే కాదు" అని అరిచేది. రెండింటికీ గొంతు ఒకటే, ఊపు ఒకటే.

దాంతో అడవి రెండుగా చీలింది. కోట కష్టంగానే ఉండాలనేవాళ్ళు ఒక వైపు, ఉండకూడదనేవాళ్ళు ఇంకో వైపు. నీళ్ళ దగ్గర తగాదా, మేత దగ్గర తగాదా. అన్నిటికన్నా విచిత్రం ఏమిటంటే, కోటలో కాలు పెట్టనివాళ్ళ నోరే అందరికన్నా పెద్దది. ఒక్క పుల్ల కూడా వెయ్యని దుప్పులు రోజంతా గుమ్మం ముందు నిలబడి ఎవడు ఎందుకు ఓడాడో ఒకదానికొకటి వివరించుకునేవి.

రాజుకి విసుగెత్తింది. వానలు పడేలోగా తీర్పు చెబుతానన్నాడు. కోట చెడ్డదని తేలితే తన గిట్టలతోనే తొక్కి నేలమట్టం చేస్తానన్నాడు. అందరి మాటా విని సభలో చెప్పడానికి విశాలాక్షిని పిలిపించాడు.

విశాలాక్షి ఒక దేవాంగపిల్లి. ఇంతేసి కళ్ళు, పుల్లల్లాంటి చేతులు, మెల్లని నడక. దానికి శత్రువులు లేరు. ఎందుకంటే ఎవరు ఏం చెప్పినా కళ్ళు విప్పార్చుకుని పూర్తిగా వినేది. వింటున్నంతసేపూ ఆ మాటే నిజమనిపించేది. అదే దాని గుణం, అదే దాని కష్టం.

పని ఒప్పుకున్న పూటే పుట్టమ్మ అనే ముసలి చెదపురుగు దానికి ఎదురొచ్చింది. ఏడవలేదు, బతిమాలలేదు. లోపల గుడ్లు పొదగడానికి ఉన్నాయనీ, వానకు ముందు ఇంకో పుట్ట లేవదనీ చెప్పింది.

"మా ఆట బాగుందని చెప్పమని అడగను తల్లీ," అంది పుట్టమ్మ. "నువ్వు నమ్మిందేదో అదే చెప్పు. మా ఇల్లు ఎవరి ఉక్రోషానికో పోయిందని మాత్రం అనిపించనీకు."

విశాలాక్షి మడుగు ఒడ్డున కూర్చుంది.

మొదట చపలుడనే కుందేలు వచ్చి పడింది. బురద కారుతుండగానే మొదలుపెట్టింది. ఇది ఆట కాదట, జూదమట. ఈసారి చేతికి తాలు గింజలు వచ్చాయట, వాటితో దోమ కూడా చావదట. నేర్చుకున్న దారి మర్నాటికి ఉండనప్పుడు నేర్చుకోవడం ఎందుకట. "నేను ఓడిపోలేదక్కా, నా గింజలు ఓడిపోయాయి," అంది. విశాలాక్షి తల ఊపింది. నిజమే కదా.

తర్వాత కంటకుడనే ముళ్ళపంది పడింది. అందరికన్నా లోపలిదాకా పోయి వచ్చింది అదే, ఆ సంగతి ఎవరూ అడగకపోయినా చెప్పేది. కోటలో ఒక్క గబ్బిలాన్ని తగ్గించినా తాను ఊరుకోనంది. ఏడ్చేవాళ్ళను ఉయ్యాల కట్టించుకోమంది. "చేతకానివాళ్ళ కోసం కొండను తవ్వి చదును చేస్తారా పిల్లా?" అంది. అంతలోనే వీపు మీద బురద చూసుకుని, ఈ ఒక్కసారి మాత్రం గబ్బిలాలు మోసం చేశాయంది. విశాలాక్షి మళ్ళీ తల ఊపింది. ఇదీ నిజమే కదా.

మూడోదిగా మోటుపంది పడింది. పేరుకు తగ్గ ఒళ్ళు, ఒంటికి తగని కన్నీళ్ళు. పొద్దుటి నుంచి చెమటోడ్చి పోగేసిన గింజలన్నీ ఒక్క జారుడుకి పోయాయట. సగమైనా మిగల్చరా, పడిన గది నుంచైనా మొదలుపెట్టనివ్వరా అని గోడుపెట్టుకుంది. "కష్టపడ్డవాడి చేతిలో ఏమీ మిగలని చోటు నాకెందుకు తల్లీ, తొక్కించెయ్యమను," అంది. విశాలాక్షికి కళ్ళు చెమర్చాయి. ఇది మరీ నిజం.

ముగ్గురూ ఒకే కోట నుంచి వచ్చారు. మూడు కోటల గురించి చెప్పారు. జూదమైతే నేర్పుతో అంత లోపలికి ఎలా పోయింది కంటకుడు? నేర్పే అయితే తాలు గింజల చపలుడి తప్పేమిటి? కష్టమే మంచిదైతే పందికి ఆ కన్నీళ్ళేమిటి? ఆలోచించేకొద్దీ విశాలాక్షి తల గానుగెద్దులా అక్కడక్కడే తిరిగింది. చివరికి ఒక్క సంగతి తోచింది. గుమ్మం ముందు దుప్పులు చేస్తున్న పనే తానూ చేస్తోంది.

లేచి వెళ్ళి ఒక ఎండుపుల్ల ఏరుకొచ్చి గుమ్మంలో వేసింది.

మొదటిసారి లోపలికి పోయినప్పుడు భయంతో కళ్ళు మూసుకుంది. అంత పెద్ద కళ్ళు ఉండీ మూసుకుంది. మొదటి గదిలోనే మూడు ముద్దలూ తిని మడుగులో పడింది. చెవుల్లో బురద, ముక్కులో బురద. దుప్పులు పకపకా నవ్వాయి. విశాలాక్షికి పుట్టి బుద్ధెరిగాక రానంత కోపం వచ్చింది.

"తొక్కించెయ్యండి దీన్ని!" అని అరిచింది.

కలకంఠి ఆ మాటను కొమ్మ మీది నుంచి టక్కున పట్టుకుని ఎగిరిపోయింది.

విశాలాక్షి ఒక రాతి మీద ఎండలో కూర్చుంది. బురద ఆరింది. ఆరి, బిగిసి, దురదపెట్టి, పెచ్చులు పెచ్చులుగా తనంతట తానే రాలింది. దానితోపాటు ఇంకేదో కూడా రాలినట్టయింది. ఇప్పుడు చూస్తే కోపం వెతికినా దొరకలేదు. దాని చోట ఒక అనుమానం మిగిలింది. ముద్ద విసిరే ముందు గబ్బిలం చెవి కదిలిస్తుందా? కదిలించినట్టే ఉంది.

రెండోసారి కళ్ళు తెరుచుకుని పోయింది. చెవి కదిలినప్పుడల్లా పక్కకు తప్పుకుంది. కొన్ని గదులు దాటాక తొందరపడి పడింది. ఈసారి ఆచారం ప్రకారం అందరూ తడి మాట కోసం చెవులు రిక్కించారు. విశాలాక్షి రెండు చేతులతో నోరు మూసుకుంది. సిగ్గులేనిది, నిజం దాచుకుంటోంది అని దుప్పులు గొణిగాయి. బురద ఆరేదాకా అది నోటి మీది నుంచి చేతులు తియ్యలేదు.

మూడోసారి ఇంకా లోపలికి పోయింది. ఈసారి చేతికి తాలు గింజలే వచ్చాయి, కుందేలు చెప్పినట్టే. చెవి కదలడం చూసి కూడా మెల్లగా కదిలింది, ముళ్ళపంది చెప్పినట్టే అది తన చేతకానితనం. పోగేసుకున్నదంతా ఒక్క జారుడుకి పోయింది, పంది చెప్పినట్టే. బురద ఆరేదాకా కూర్చుని చూసుకుంటే ముగ్గురి మాటా నిజమే. అయితే ఆ ముగ్గురి నిజాలూ కలిపినా ఒక్క తీర్పు రావడం లేదు. వెళ్ళేముందు ఉన్న అయోమయం కన్నా వచ్చాక ఉన్న అయోమయమే ఎక్కువ.

ఆ అయోమయంతోనే సభకు పోయింది.

బండరాతి మీద రాజు, చుట్టూ అడవి. ఒక మూల పుట్టమ్మ, దాని వెనక ఆవగింజలు పోసినట్టు చెదపురుగులు. విశాలాక్షి నోరు తెరిచేలోగా కలకంఠి అందుకుంది. వినడానికి పంపినదాని తడి మాట అడవంతా విన్నదనీ, తొక్కించెయ్యమని అదే అరిచిందనీ, ఇంక విచారణ దేనికనీ చెప్పింది. సభ హోరెత్తింది. పుట్టమ్మ తల వంచుకుంది.

"ఆ మాట నీదేనా?" అని రాజు అడిగాడు.

కాదంటే సరిపోయేది. గోరింక మాటకు విలువెంత? విశాలాక్షి ఒకసారి పుట్టమ్మ వైపు, ఒకసారి రాజు వైపు చూసింది.

"నాదే ప్రభూ."

"మరి ఇంకేం?"

"ఆ మాట కోట గురించి అన్నది కాదు ప్రభూ. నా వీపు మీది బురద గురించి అన్నది. బురద రాలిపోయింది, మాటా రాలిపోయింది. ఇక్కడ మీరు విన్న తడి మాటలన్నీ అలాంటివే. ఆరాక వాళ్ళను మళ్ళీ ఎవరూ అడగలేదు. తాతలు చెప్పారని మనం కోపాన్ని నిజమనుకుంటున్నాం. తాతలు కూడా ఒక్కోసారి తడి మీదే మాట్లాడి ఉంటారు."

సభ గొణిగింది. రాజు గిట్టతో రాతిని గీరాడు. "డొంకతిరుగుడు వద్దు. కోట మంచిదా, చెడ్డదా?"

"తెలియదు."

దుప్పులు నవ్వాయి. వినడానికి పంపితే తెలియదని చెప్పడానికి వచ్చిందని ఒకటి దెప్పింది. విశాలాక్షి నిలబడ్డ చోటి నుంచి కదల్లేదు.

"మూడుసార్లు పడ్డాను, అయినా తెలియలేదు. ఒక్కసారి కూడా పడనివాళ్ళకు ఎలా తెలిసిందో నాకు ఇంకా తెలియదు. తెలియని దాన్ని తొక్కడం తేలిక ప్రభూ. గుడ్లతో ఉన్న ఇంటిని మళ్ళీ లేపడం తేలిక కాదు. తొక్కే గిట్టలు తమరివి. ముందు ఆ గిట్టలతో ఒక్కసారి లోపలికి నడవండి."

సభ ఊపిరి బిగబట్టింది. రాజు, ఎన్నాళ్ళుగానో గొంతులో ఉన్న ముల్లు బయటికి తీసినట్టు, నెమ్మదిగా అన్నాడు. "ఆ గుమ్మంలో నా కొమ్ములు పట్టవు."

"పొద్దువాలేలోగా పట్టేలా చేస్తాం ప్రభూ," అంది పుట్టమ్మ తలెత్తి. "కాకపోతే పుల్ల తెచ్చుకోవాలి. రాజైనా పుల్ల పుల్లే."

ఎవరో కిసుక్కుమన్నారు. రాజు లేచి వెళ్ళి ఒక ఎండు మానునే ఈడ్చుకొచ్చాడు.

పొద్దు వాలుతుండగా గిరిశృంగుడు లోపలికి పోయాడు. గోడల లోపలి నుంచి ధబధబమని చప్పుళ్ళు, ఒక రంకె, మళ్ళీ చప్పుళ్ళు. అంతలోనే మడుగులోని బురదంతా ఒక్కసారి లేచి ఒడ్డున నిలబడ్డవాళ్ళందరి మీదా పడింది. మధ్యలో రాజు, కొమ్ముల చివరి నుంచి తోక కొసదాకా బురద.

కలకంఠి ముందుకు వంగింది. చెదపురుగులు కదలడం మానేశాయి. విశాలాక్షి పుట్టమ్మ వైపు చూసింది. ఇప్పుడు ఈయన ఒక్క మాట అంటే చాలు.

రాజు నోరు తెరిచాడు. కోపంతో ముక్కుపుటాలు అదిరాయి. మళ్ళీ నోరు మూశాడు. ఎవరి వైపూ చూడకుండా మడుగు దాటి, కోట చుట్టూ తిరిగి, గుమ్మం దగ్గరికి పోయాడు. అక్కడ పుల్లలు పట్టుకుని బారులు తీరినవాళ్ళలో చిట్టచివర తాబేలు ఉంది. దాని వెనక నిలబడ్డాడు.

పంది కంగారుపడి ముందుకు రమ్మని పిలిచింది. రాజు తల అడ్డంగా ఊపాడు. ఒంటి మీది బురద ఆరి పెచ్చులు రాలుతుండగా, కలకంఠి ఎగిరి వచ్చి కోటను తొక్కడం సంగతి ఏమైందని అడిగింది.

"అది తర్వాత," అన్నాడు రాజు. "ముందు ఆ మూడో గదిలో ఎడమ మూలనున్న గబ్బిలం సంగతి తేల్చాలి."

"ఆ మూడో గది ఇప్పుడు ఉండదు ప్రభూ," అంది తాబేలు వెనక్కి తిరక్కుండానే. "పుల్ల తెచ్చుకున్నారా?"

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, ఓడిన కోపం తడి ఆరకముందు చెప్పే తీర్పు కోపానిదే గాని న్యాయానిది కాదు. దిగి చూసి, ఆరేదాకా ఆగి, తెలియనిది తెలియదని చెప్పగలిగినవాడి మాటే ఒక ఇంటిని నిలబెడుతుంది.