రాజుగారి చేతికి ఇనప కడియం

ఒకానొక రాజ్యంలో రాజుగారికి ఉన్న గొప్పల్లోకెల్లా పెద్ద గొప్ప ఆయన చెరసాల.

ఆయన పేరు రణగజకేసరి. పొరుగు రాజులెవరైనా వస్తే గుర్రాలు చూపించడు, తోట చూపించడు. నేరుగా చెరసాల గోడ దగ్గరికి తీసుకుపోయి, "చూశారా! మళ్ళీ చాలడం లేదు. ఇంకో వరస గదులు కట్టిస్తున్నాం. మా న్యాయం అంత గట్టిది!" అని మీసం మెలేసేవాడు.

ఆ రాజ్యంలో ఒక కట్టుబాటు ఉంది. శిక్ష తీరి బయటికొచ్చే ప్రతి దొంగ చేతికీ కమ్మరి ఒక ఇనప కడియం బిగిస్తాడు. జనం జాగ్రత్తపడాలని. కడియం పడినవాళ్ళలో చాలామంది మళ్ళీ అదే గుమ్మం తొక్కేవాళ్ళు. రాజుగారికి అదీ గొప్పే.

అంకాళమ్మ కొడుకు పోలయ్య కూడా అలాగే తొక్కాడు. తెలిసీ తెలియని వయసులో ఒక ముసలాయన మేకను తోలుకుపోయి చెరసాలకు వెళ్ళాడు. విడుదలయ్యాక సత్రం వంటింట్లో అన్నం ముద్ద తీస్తూ దొరికాడు. కడియం ఉన్నవాడు మళ్ళీ దొంగిలిస్తే చెరలో పెట్టి, తీర్పయ్యాక దేశం నుంచి వెళ్ళగొట్టాలి. అది శాసనం.

తీర్పు రోజున అంకాళమ్మ సభలో నిలబడింది. మాట వణకలేదు.

"ప్రభూ, వాడు తప్పు చేశాడు. అంతకు ముందు ఊరంతా తిరిగి పని అడిగాడు. ఎవరూ ఇవ్వలేదు."

"బుద్ధి ఉన్నవాడు పస్తుంటాడు గానీ పరాయి సొత్తు ముట్టడు," అన్నాడు రాజు. "ఆ కడియం నా చేతికున్నా నేను ముట్టను!"

సభంతా "భేష్, భేష్" అంది.

అంకాళమ్మ తలెత్తింది. "అయితే ఒక్క పగలు పెట్టుకోండి ప్రభూ."

మంత్రి భైరవభట్టు "ఏమిటా మాట!" అని గసిరాడు. కానీ రాజుగారి మాట సభంతా విన్నది. వెనక్కి తీసుకోవడమెలా?

"పెట్టుకుంటాం," అన్నాడు రాజు. "పొద్దు గూకేలోగా నేను పరాయి సొత్తు ముట్టానా, నీ కొడుకు నీ ఇంటికి. ముట్టలేదా, వాడితోపాటు నువ్వూ దేశం దాటాలి."

"సరే ప్రభూ."

"మరి జనం నన్ను గుర్తుపట్టరూ?"

"కడియం చూసిన కళ్ళు మొహం దాకా రావు ప్రభూ."

మర్నాడు పొద్దున్నే రాజుగారు చిరుగుల గొంగడి కప్పుకున్నాడు. మీసం తీయించుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు, కిందికి దువ్వుకున్నాడు. కమ్మరి కడియం బిగించాడు. విడుదల రోజున ఖైదీలకు గంజి పొయ్యరు కనక రాజుగారికీ పొయ్యలేదు. సాక్షిగా మంత్రి మారువేషంలో వెనక నడిచాడు. ఇంకాస్త వెనక అంకాళమ్మ, చేతిలో కూటి మూటతో.

ముందు మగ్గాల శాల. పెద్ద నేతగాడు కడియం చూశాడు. "పనుంది. ఎక్కడుంటావు?"

"ఇంకా ఎక్కడా లేదు."

"ఉండే చోటు లేనివాడి చేతికి నూలు ఎలా ఇస్తానయ్యా? సత్రంలో చోటు చూసుకుని రా."

సత్రం యజమాని కడియం చూశాడు. "చోటుంది. ఊరు కాసే తలారి సరేనంటేనే."

తలారి కూడా కడియమే చూశాడు. "పని చూపించు, సరేనంటాను."

"పనికి చోటు కావాలన్నారు!"

"అయితే చోటు చూసుకో."

"చోటుకు నువ్వు సరేననాలట!"

"నేను సరేననాలంటే నీకు పనుండాలి. చెవుడా ఏమిటి?"

రాజుగారు మళ్ళీ మగ్గాల శాలకు పోయాడు. మళ్ళీ సత్రానికి. మళ్ళీ తలారి దగ్గరికి. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. ఎవరి గుమ్మంలో వాళ్ళు సరిగ్గానే ఉన్నారు. తిరిగేవాడి కాళ్ళే బొబ్బలెక్కాయి.

పొద్దు వాలుతుండగా ఆయన ఒక అరుగుమీద కూలబడ్డాడు. అంకాళమ్మ వచ్చి ఆ చివర కూర్చుని మూట విప్పింది. రాగి సంకటి, గోంగూర పచ్చడి. మూట అక్కడే వదిలి, చేతులు కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళ్ళింది.

రాజుగారు అటు చూశాడు. ఇటు చూశాడు. చెయ్యి కడియంతో సహా మూటలోకి పోయింది.

సాక్షిగారు గోడవైపు తిరిగి మబ్బులు చూడసాగాడు.

మర్నాడు సభలో భైరవభట్టు లేచి, "ప్రభువులు ఏమీ..." అని మొదలుపెట్టాడు.

"ఆగవయ్యా," అన్నాడు రాజు. తల వాల్చుకునే అన్నాడు. "ముట్టాను. ఈమె కూడు దొంగిలించి తిన్నాను."

"లేదు ప్రభూ," అంది అంకాళమ్మ. "మీరు దొంగిలించలేదు."

సభ నోరు తెరిచింది.

"ఆ మూట మీకోసమే కట్టాను. మీకు కారం పడదని మీ వంటవాళ్ళు చెబితే పచ్చడిలో మిరపకాయలు తగ్గించాను. పెట్టేవాళ్ళున్నారు కనక అది భోజనమైంది. నా బిడ్డకు పెట్టేవాళ్ళు లేక దొంగతనమైంది. చెయ్యి అలాంటిదే ప్రభూ. ఆకలీ అలాంటిదే."

భైరవభట్టు గెంతాడు. "అయితే ప్రభువులు నెగ్గారు! ఈమె తన నోటితోనే ఓడింది!"

"ఓడాను. మేమిద్దరం పోతాం," అంది అంకాళమ్మ. "పని అడిగినా, చోటు అడిగినా ఇంకో గుమ్మం చూపించని ఒక్క మనిషి పేరు చెప్పి పంపండి ప్రభూ. చాలు."

రాజు ఇంకా తీయించని తన చేతి కడియం కేసి చూశాడు. ఉన్నట్టుండి నవ్వాడు. పైకి దువ్వుకోవడం మరిచిపోయిన మీసం ఊగిపోయేలా నవ్వాడు.

"నన్ను గెలిపించి మరీ ఓడించావు కదమ్మా! కమ్మరిని పిలవండి. ముందు పోలయ్య కడియం కొయ్యండి, తరవాత నాది. అమ్మా, ఏం కావాలో కోరుకో."

"చెరసాల గుమ్మం ముందు ఒక అరుగు వేయించండి. తలారి, సత్రం యజమాని, పెద్ద నేతగాడు విడుదల రోజున ఆ ఒక్క అరుగుమీదే కూర్చోవాలి. బయటికొచ్చినవాడు తిరగకూడదు. వాళ్ళే మాట్లాడుకోవాలి."

రాజు అరుగు వేయించాడు. అంకాళమ్మకు పట్టుచీర పెట్టి, ఆ అరుగుకు ఆమెనే పెద్దను చేశాడు. బయటికొచ్చినవాడికి మొదటి ముద్ద ఆమె చేత్తోనే.

పోలయ్య మగ్గమెక్కాడు. తను నేసిన మొదటి దుప్పటి మేక పోగొట్టుకున్న ముసలాయనకు తీసుకెళ్ళి ఇచ్చాడు. ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అంచు బాగా కుదిరిందిరా అబ్బాయ్," అన్నాడు. తల్లి వీధిలో నిలబడి విన్నది.

రాజుగారు మాత్రం మారలేదు. ఇప్పటికీ పొరుగు రాజులు వస్తే నేరుగా చెరసాలకే తీసుకుపోతాడు. ఖైదీలు లేక నూలు మూటలు నింపిన గదుల తలుపులు బార్లా తీసి, "చూశారా! ఎంత ఖాళీయో! మీ దగ్గరుందా ఇంత ఖాళీ చెర?" అని మీసం మెలేస్తాడు.

అరుగుమీద అంకాళమ్మ ఆ మాట విని, కొంగు సర్దుకుని, నిటారుగా కూర్చుంటుంది.