చీకటి గదిలో విడిది

కాంతి గురించి పాఠాలు చెప్పుకుంటున్న పేరయశాస్త్రిని పట్టుకొచ్చి, రాజుగారు విద్యాపీఠానికి పెద్దను చేశారు. కప్పు కురుస్తోందని ఒకరు, కూరలో ఉప్పు లేదని ఇంకొకరు ప్రాణం తోడేస్తుంటే, శాస్త్రి కాస్త తీరిక దొరగ్గానే తన చీకటి గదిలో పిల్లలకు పాఠం చెప్పుకుని తేరుకునేవాడు.

ఓ ఎండాకాలం మంత్రి గుండమరాజు ఆ గదిలోకి వచ్చి, "చల్లగా ఉందయ్యా! ఇకనుంచి ఇది నా విడిది," అన్నాడు.

"చిత్తం," అంటూ శాస్త్రి తలుపు మూశాడు. తలుపుకున్న చిన్న బెజ్జంలోంచి వెలుగు రాగానే, వీధిలో పోతున్న ఏనుగు బొమ్మ ఎదుటి గోడమీద తలకిందులుగా నడిచింది.

మంత్రి అదిరిపడ్డాడు. "ఇదేమిటయ్యా!"

"వీధిలో ఎవరు వెళ్లినా ఇంతేనండి, రాజుగారైనా సరే. నా గదిలో రాజుగారు తలకిందులైతే అది పాఠం. మంత్రిగారి గదిలో తలకిందులైతే దాన్ని ఏమంటారో మరి!"

మంత్రి ఒక్క ఉదుటున బయటపడ్డాడు. శాస్త్రి మళ్లీ తలుపు మూసుకుని, గోడమీద తలకిందులుగా పరుగెడుతున్న మంత్రిని హాయిగా చూస్తూ కూర్చున్నాడు.