ఒకే తెర వెనుక రెండు దీపాలు

ఈ కథ జరిగిన రాజ్యం పేరు నాకు గుర్తు లేదు. విన్నది విన్నట్టే చెబుతున్నానో లేదో కూడా అనుమానమే. శత్రువు వస్తే అక్కడ తూర్పు, పడమటి కొండలు రెండింటి మీదా ఒకేసారి మంట వెలగాలి. వెనకబడిన కావలివాడికి ఉరి. పడమటి మంట ఆలస్యమైందని దళపతి సాక్ష్యం చెప్పగా, అక్కడి కావలి ఓబన్నకు ఉరితాడు సిద్ధమైంది.

అతని భార్య చెంగమ్మ రాజు ఎదుటే దళపతిని, "అప్పుడు తమరి చూపు ఎటుంది, దొరా?" అని అడిగింది.

"తూర్పు కొండ మీద. అయితే ఏమిటి?"

ఆమె మందపాటి నల్లతెర వెనుక రెండు కొసలా రెండు దీపాలు ఉంచింది. దళపతిని ఎడమ కొసనే, రాజును కుడి కొసనే చూడమని వేడుకొని, తెర జారవిడిచింది.

"ఎడమది ముందు వెలిగింది," అన్నాడు దళపతి.

"కళ్లు పోయాయా? కుడిది," అన్నాడు రాజు.

"రెండూ ముందే వెలిగించి పెట్టాను, మహాప్రభూ. అడ్డున్న తెర ఒక్కటే. ఎవరు చూస్తున్న దీపం వారికి ముందు కనిపించింది."

ఓబన్నను విడిచిపెట్టారు. అదే దళపతి సాక్ష్యంతో అంతకుముందు ఉరికెక్కినవారిని చెంగమ్మ ఇంటికి వెళ్లే దారిపొడుగునా పేరుపేరునా తలచుకుంది. రాజ్యం పేరు మరిచినా ఆ పేర్లు నాకు గుర్తున్నాయి; కావాలనే చెప్పలేదు.